పుట్టింటి ఎర్రనేల, మెట్టినింటి నల్లరేగడి

మా నాయన వానను ఏనాడూ మిల్లీమీటర్లలో చెప్పలేదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే గడ్డపార భుజాన వేసుకుని చేనికి పోయేవాడు. ఒకచోట గుచ్చి, పెళ్ల పెకలించి, తడి ఎక్కడిదాకా దిగి ఆగిపోయిందో చేత్తో కొలిచేవాడు. అరచెయ్యి వెడల్పు దిగితే బెత్తెడు పదును. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా దిగితే జానెడు. జానెడు అన్నాడంటే ఇంట్లో విత్తనాల మూటలు విప్పేవాళ్లు. బెత్తెడే అంటే మూటలు మూలనే ఉండిపోయేవి. "రాత్రంతా దంచింది కదా నాయనా" అని నేనంటే, "పడింది కాదు పాపా, దిగింది ఎంతో చెప్పు" అనేవాడు.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఎర్రనేల. వ్యవసాయ డిప్లొమా చదివి నేల పరీక్షల పనిలో చేరిన ఏడాదే నన్ను ఉరవకొండ వైపు నల్లరేగడి ఊళ్లో ఇచ్చారు. రెండూ అనంతపురం జిల్లా ఊళ్లే. బస్సెక్కితే పూటలో పోయి రావచ్చు. రెండుచోట్లా పడేది ఒకే వాన, ఏడాది మొత్తం చూసినా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ వాన నేలలోకి దిగే తీరు మాత్రం పుట్టింట్లో ఒకలా, మెట్టినింట్లో పూర్తిగా ఇంకోలా ఉంటుంది. 31 ఏళ్లు ఇనుప రింగులు, స్టాప్‌వాచీ పట్టుకుని పొలాల్లో కూర్చుని ఆ దిగే తీరునే కొలిచాను. నాయన గడ్డపారతో చూసిందీ నేను రింగుతో చూసిందీ ఒకటేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నేల గట్టిగా కనిపిస్తుంది గానీ దాంట్లో దాదాపు సగం ఖాళీయే. ఇసుక నేలలో నూటికి 40 పాళ్ల దాకా ఖాళీ ఉంటే, బంకమట్టిలో 50 దాకా ఉంటుంది. బంకమట్టిలోనే ఎక్కువ ఖాళీ ఉందంటే శిక్షణకు వచ్చిన రైతులు నమ్మేవాళ్లు కాదు. "మరి నీళ్లు ఇసుకలోనే కదమ్మా గబగబా దిగేది" అని అడిగేవాళ్లు. ఖాళీ మొత్తం ఎంత అన్నదానికంటే, ఒక్కో సందు ఎంత వెడల్పు అన్నదే నీళ్లకు ముఖ్యం. సన్నటి గొట్టం లోపలి వెడల్పు సగానికి తగ్గితే దాంట్లో పారే నీళ్లు పదహారో వంతుకు పడిపోతాయి. ఇసుక రేణువు రెండు మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో ఐదు వందలో వంతు కూడా ఉండదు. అంత సన్నటి రేణువుల నడుమ సందులు ఎంత ఇరుకుగా ఉంటాయో ఊహించుకోండి.

నీళ్లు కిందికి దిగడానికి బరువు ఒక్కటే కారణం కాదు. ప్రమిదలో నూనె ఒత్తి మీదికి ఎక్కుతుంది. తడి అరుగు మీద పెట్టిన పొడి ఇటుక కాసేపటికి సగందాకా నీరు పీలుస్తుంది. ఎండిన మట్టి కూడా అంతే, తన ఇరుకు సందుల్లోకి నీటిని లాక్కుంటుంది. ఆ లాగుడుకు పైనా కిందా అన్న తేడా లేదు. డ్రిప్పు వేసిన తోటలో ఒక చుక్క కింద అడ్డంగా తవ్వి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. తేలిక ఎర్రనేలలో తడి ముల్లంగిలా నిలువుగా దిగిపోయి ఉంటుంది. అక్కడ బరువుదే పైచెయ్యి. నల్లరేగడిలో తడి గుమ్మడికాయలా పక్కలకు పరుచుకుంటుంది. అక్కడ లాగుడుదే పైచెయ్యి. అందుకే నల్లనేలలో చుక్కకూ చుక్కకూ ఎడం ఎక్కువ పెట్టినా వేర్లకు తడి అందుతుంది. ఎర్రనేలలో అదే ఎడం పెడితే నడుమ మొక్కలు వాడతాయి.

నా రింగుల పని చెబుతాను. ఒకటి 30 సెంటీమీటర్ల వెడల్పు, దాని చుట్టూ 60 సెంటీమీటర్లది. రెండింటినీ అర జానెడు పైన నేలలో దిగగొట్టి, రెండింట్లోనూ నీళ్లు పోసి, లోపలి రింగులో మట్టం ఎంత తగ్గుతోందో గడియారం పెట్టి చూడాలి. బయటి రింగు నీళ్లు కాపలా లాంటివి. లోపలి నీళ్లు పక్కలకు పారిపోకుండా నిలువుగా దిగేట్టు చూస్తాయి. మొదటి ఐదు నిమిషాల్లో ఏ నేలైనా దప్పికతో ఉన్నట్టు తాగేస్తుంది. బకెట్టు మోసేవాడికి ఊపిరాడదు. అరగంటకు వేగం తగ్గుతుంది. రెండు మూడు గంటలకు ఒక నిలకడకు వచ్చి, ఇక అక్కణ్నుంచి పెద్దగా మారదు. మొదట్లో పొడి మట్టి లాగుడు బలంగా ఉంటుంది, తడిసిన దారి పొట్టిగా ఉంటుంది. నీళ్లు దిగేకొద్దీ ఆ దారి పొడుగవుతుంది, లాగుడు పలచబడుతుంది, చివరికి బరువు ఒక్కటే మిగులుతుంది. ఈ తగ్గుదలను 1930లలో అమెరికాలో రాబర్ట్ హార్టన్ అనే ఇంజనీరు గీత గీసి చూపించాడు. వాన వేగం నేల తాగే వేగాన్ని దాటినప్పుడే నీళ్లు పైన పారతాయన్నది ఆయన చెప్పిన మాట.

తడిసి నిలకడకు వచ్చాక ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్ల పైన తాగుతుంది. గరపనేల 10 నుంచి 20 దాకా తాగుతుంది. బంకమట్టి ఒకటి నుంచి ఐదుకు మించదు. ఇప్పుడు మా వానలు గుర్తుచేసుకోండి. నెలంతా మబ్బు ముఖం చాటేసి, ఒకనాటి సాయంత్రం పావుగంటలో అర అంగుళం కుమ్మరించి పోతుంది. అంటే గంటకు 50 మిల్లీమీటర్ల వేగం. నేల తాగలేనిదంతా వాగు దారి పడుతుంది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వానంటే 4,000 లీటర్ల పైమాటే. 40 మిల్లీమీటర్లు పడి సగం కొట్టుకుపోతే ఒక్క ఎకరం నుంచి ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు పోయినట్టు. ఎండాకాలంలో ఒక్క ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి నిలబడ్డ అమ్మలను చూసినవాళ్లకు ఈ లెక్క ఊరికే లెక్కలా ఉండదు.

ఎర్రనేలకు గరుసు, ఇసుక ఉన్నాయి. తాగే శక్తి లోపల బాగానే ఉంది. మరి నాయన గడ్డపారకు ఒక్కోసారి పెద్దవాన తర్వాత కూడా బెత్తెడే ఎందుకు తగిలేది? జవాబు పైన రెండు మూడు మిల్లీమీటర్లలో ఉంది. ఐదు మిల్లీమీటర్ల లావున్న వానచుక్క నేలను తాకేటప్పుడు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో వస్తుంది. గంటకు 32 కిలోమీటర్లు, ఊళ్లోకి వచ్చే ఆర్టీసీ బస్సు వేగం. అట్లాంటి చుక్కలు లక్షల్లో బోడినేల మీద పడితే మట్టిగుళికలు చిట్లిపోతాయి. చిట్లిన సన్నపొడి సందుల్లో కూరుకుపోయి మూత వేసేస్తుంది. ఆరాక అది ఆరిన సంగటి మీద పొరలా బిగుసుకుంటుంది. మా ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి గుళికలను పట్టి ఉంచే జిగురు లేదు, పొర తొందరగా కడుతుంది. మొలకెత్తిన విత్తనం ఆ పొర కిందే వంకర తిరిగి చచ్చిపోవడం రైతు చూస్తాడు, బాధపడతాడు. ఆ తర్వాత పడ్డ వానను కూడా అదే పొర బయటే నిలబెట్టేసిందని మాత్రం గమనించడు.

ఒక జులైలో పుట్టింటికి పోయినప్పుడు రింగులు వెంట తీసుకుపోయాను. కళ్లం దగ్గర ఏడాదిగా శెనక్కాయ పొట్టు పరుచుకుని ఉన్న చోట ఒక జత, నాలుగు గజాల అవతల బోడినేల మీద ఒక జత దిగగొట్టాను. పొట్టు పక్కకు తీసి నీళ్లు పోస్తే పోసినవి పోసినట్టే దిగిపోతున్నాయి. బోడినేల రింగులో నీళ్లు అద్దంలా నిలబడి ఆకాశాన్ని చూపించాయి. నాయన చాలాసేపు ఆ రెండింటి మధ్య గొంతుకూర్చున్నాడు. తర్వాత పొట్టు కింద మట్టిని చేతిలోకి తీసుకుని నలిపాడు. దాన్నిండా చెదలు తవ్విన సన్నబొక్కలు, వానపాముల దారులు. పెన్సిల్ లావు దారి ఒక్కటి పైకి తెరుచుకుని ఉన్నా, వేల సన్నసందులు చేసే పని అదొక్కటే చేస్తుంది. పొట్టు చుక్క దెబ్బను కాచింది, పురుగులకు తిండి పెట్టింది, పురుగులు నీళ్లకు దారి తవ్విపెట్టాయి.

ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశంలో యాకూబా సవడోగో అనే రైతు 1980లలో సరిగ్గా దీనిమీదే బతుకు నిలబెట్టుకున్నాడు. అక్కడి నేలలు కూడా పొరకట్టి బండబారినవే. ఎండాకాలంలో చిన్న చిన్న గుంటలు తవ్వి, పిడికెడు పేడ ఎరువు వేసి వదిలేసేవాడు. ఎరువు వాసనకు చెదలు వచ్చి సొరంగాలు తవ్వేవి. వానాకాలంలో నీళ్లు ఆ సొరంగాల గుండా దిగేవి. పాత పద్ధతినే కాస్త పెద్దది చేశాడంతే. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం ఇచ్చారు. ఆయన గురించి చదివిన రోజు నాకు మా నాయన చేతిలో నలిగిన మట్టే కళ్లముందు మెదిలింది.

పొట్టు, చెత్త కప్పమని చెప్పడం తేలిక. మా సీమలో శెనక్కాయ కట్టె పశువుల మేత. కందికట్టె పొయ్యిలోకి, దడికీ పోతుంది. నేలకు మిగిలేది ఏముంది? ఈ ఇబ్బంది తెలియకుండా ఉపన్యాసం ఇచ్చేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. అయినా ఒక మాట గట్టిగానే చెబుతాను. పొడి దుక్కిని రోటావేటరుతో పదేపదే తిప్పి పిండి చేయకండి. కంటికి ఆ చేను ముగ్గు వేసిన వాకిలిలా ఉంటుంది. మొదటి పెద్దవానకే ఆ పిండి మొత్తం మూతగా మారుతుంది. చిన్న చిన్న పెళ్లలు ఉన్న చేనే వానకు సిద్ధంగా ఉన్న చేను.

ఇక మెట్టినిల్లు. పెళ్లయిన తొలి ఎండాకాలం మా మామ నన్ను చేను చూపించడానికి తీసుకుపోయారు. నేల పొడుగునా నెర్రెలు. కొన్నింట్లో నా పాదం పట్టేంత వెడల్పు. మామ చేతికర్ర ఒక నెర్రెలోకి దించితే మూర దాటి పోయింది. "ఇవి మా నేల నోళ్లమ్మా, తొలివానకు వీటితోనే తాగుద్ది" అన్నారు. నేను పుస్తకం చదివొచ్చిన దాన్ని, రింగు పెట్టి కొలవబోయాను. అడుగున చిన్న నెర్రె ఉంది కాబోలు, బకెట్టు తర్వాత బకెట్టు పోసినా మట్టం నిలవలేదు. ఆ రోజు రాసుకున్న అంకె దేనికీ పనికిరాదు, నేను కొలిచింది నేలను కాదు, నెర్రెను.

నల్లరేగడిలో బంకమట్టి రకం వేరు. నీళ్లు తగిలితే దాని పొరల మధ్యకే నీళ్లు దూరి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. నెర్రెలు పుట్టేది అందుకే. తొలివాన నీళ్లు నెర్రెల్లో పడి, లోతున పక్కగోడలను తడుపుతాయి. పైమట్టి పొడిగా ఉండగానే మూరెడు లోతున తడి తగలడం నేను చూశాను. రెండో వాన, మూడో వాన వచ్చేసరికి నేల ఉబ్బి నోళ్లన్నీ మూసుకుంటుంది. బాగా నానిన నల్లరేగడి గంటకు ఒక మిల్లీమీటరు కూడా తాగదు. ఆ తర్వాత చేన్లో అడుగు పెడితే కాలు రాదు, చెప్పు తెగి అక్కడే ఉండిపోతుంది.

అందుకే మామ వాళ్లు వానాకాలమంతా చేను ఖాళీగా వదిలి, అక్టోబరు వచ్చాక శనగ వేసేవాళ్లు. ఆ పైన ఒక్క చినుకు రాలకున్నా పంట చేతికొచ్చేది. ఈ నేల మీటరు లోతులో పైరుకు అందే నీళ్లు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా దాచుకోగలదు. మా పుట్టింటి లోతుతక్కువ ఎర్రనేలలో అందులో సగం దాచినా గొప్పే. దాచినదాన్ని కాపాడుకోవడానికి మామ ప్రతి వాన వెలిశాక, నేల కాలు ఆనగానే గుంటక తోలేవారు. కలుపు కోసమేనని నేను అనుకునేదాన్ని. గుంటక పైన రెండంగుళాలు కదిపితే కింది తడిని పైకి లాగే సన్నదారులు తెగిపోతాయి. నెర్రెలు పూడి వాటి గోడల నుంచి ఆవిరయ్యేది ఆగుతుంది. "గుంటక తోలితే అర వాన మిగిలినట్టేనమ్మా" అనేవారు మామ. నేను ఆ మాటను నా శిక్షణ తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పెట్టినప్పుడు ఆ ఆవరణలో ఎర్రనేలా నల్లనేలా రెండూ ఉన్నాయి. నల్లనేలను వానాకాలం ఖాళీగా వదిలేయడం వల్ల బోడినేల కోసుకుపోతోందని, వెడల్పు మడులు, మడుల నడుమ కాలువలు తీసి రెండు పంటలు వేయవచ్చని 1976 నుంచి అక్కడ చేలల్లో చేసి చూపించారు. దిగుబడి పాత పద్ధతికి నాలుగైదు రెట్లు వచ్చింది. అయితే పటాన్‌చెరు వాన మా ఉరవకొండ వాన కంటే బాగా ఎక్కువ. అక్కడ పండిన ఉపాయాన్ని ఇక్కడ అచ్చం అలాగే దింపమనడం సరికాదని నా అనుభవం. మడి, కాలువ తీసే పద్ధతి మాత్రం మాకూ పనికొచ్చింది.

ఇప్పుడు నాయన కొలతను రెండు నేలల మీదా పెట్టి చూద్దాం. పొడిగా ఉన్న తేలిక ఎర్రనేల తన పరిమాణంలో ఎనిమిదో వంతు నీళ్లు పట్టుకుంటే, పొడి నల్లరేగడి మూడో వంతు దాకా పట్టుకుంటుంది. కాబట్టి ఒక అంగుళం వాన పూర్తిగా ఇంకితే ఎర్రనేలలో జానెడు దిగుతుంది, నల్లనేలలో బెత్తెడుకే సరి. పైగా నల్లనేల పట్టుకున్నదాంట్లో కొంత ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే వేరు ఎంత లాగినా వదలదు. చేత్తో తాకితే తడి తగులుతుంది, పైరు మాత్రం వాడిపోతుంది. జూన్‌లో పడే పది మిల్లీమీటర్ల జల్లుకు పుట్టింట్లో కలుపు కూడా మొలుస్తుంది. మెట్టినింట్లో ఆ జల్లు పైపైన తడిపి మర్నాటి ఎండకు ఆరిపోతుంది. కరువులో ఎర్రనేల చిన్నచిన్న జల్లులతో నెట్టుకొస్తుంది. నల్లనేలకు పెద్దవానలు కావాలి, అవి పడ్డాయంటే మూడు నెలలు ఎవర్నీ అడగదు.

పట్నంలో కుండీ మొక్కలు పెంచేవాళ్లు తరచూ నన్ను అడిగే సంగతి ఒకటుంది. అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయా అని. దిగవు. సన్నమట్టి కింద ముతక పొర ఉంటే, సన్నసందుల్లో చిక్కిన నీళ్లు వెడల్పు సందుల్లోకి దూకవు. పైపొర పూర్తిగా నాని బరువెక్కాకే దిగుతాయి. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గార్డ్‌నర్ అద్దాల పెట్టెల్లో మట్టిపొరలు పేర్చి, తడి జరిగే తీరును సినిమా తీశాడు. ఇసుక పొర దగ్గరకొచ్చిన తడి గట్టు ఎదురైనట్టు ఆగిపోయి పక్కలకు పరుచుకోవడం అందులో కనిపిస్తుంది. ఎర్రచేలకు చెరువు మట్టి తోలడం మనకు తాతల నాటి మంచి అలవాటు. అది దాచుకునే శక్తిని పెంచుతుంది. తోలిన మట్టిని పొరలా పరిచి వదిలేయకుండా దుక్కిలో బాగా కలపాలనడానికి కారణం ఇదే. కలపని ఒండ్రు పొర కూడా నీళ్లకు మూతే అవుతుంది. మా వీధిలో ఒకాయన పనికి ఒప్పుకుని తీసిన ఇంకుడు గుంతకు ఇదే గతి పట్టింది. బురద ముందే ఆగేందుకు చిన్నతొట్టి కట్టలేదు. రెండో వానాకాలానికి కంకర మీద ఒండ్రు అట్టకట్టి, గుంత దోమల తొట్టి అయింది. నాలుగిళ్లవాళ్లం చందాలేసుకుని మళ్లీ తవ్వించుకున్నాం.

వేర్లను కూడా దాటి దిగిన నీళ్లే బోర్లకు ఆధారం. మన గ్రానైటు రాతి ప్రాంతాల్లో పడిన వానలో నూటికి 8 నుంచి 11 పాళ్లే భూగర్భానికి చేరుతుందని ప్రభుత్వ అంచనాల కోసం 1997లో పెట్టుకున్న ప్రమాణం. బంకమట్టి ఎక్కువుంటే 8, తక్కువుంటే 11. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్లు నేలలోకి ట్రిటియం అనే గుర్తు ఎక్కించి, వాన తర్వాత అది ఎంత లోతుకు జరిగిందో చూసి ఈ చేరికను కొలిచారు. నీటి నడక తిరుమల క్యూ లాంటిది. వెనక కొత్తవాళ్లు చేరితే ముందున్నవాళ్లు కదులుతారు. గుళ్లోకి అడుగుపెట్టేది ఇప్పుడు వచ్చినవాళ్లు కాదు, ఎప్పుడో వచ్చి నిలబడ్డవాళ్లు. ఈ ఏడాది వాన కింద ఉన్న పాత ఏళ్ల వానను ముందుకు నెడుతుంది. బోరులో ఇవాళ ఎత్తుతున్న నీళ్లు ఏ ఏడు పడ్డాయో మనకు తెలియదు, ఈ ఏడు మాత్రం మన చేను మీద మూత లేకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

రింగులు లేకపోయినా ఎవరైనా చూసుకోవచ్చు. ఆరంగుళాల వెడల్పున్న పాత డబ్బా అడుగు కోసేసి, సగందాకా నేలలో దిగగొట్టండి. 450 మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా పోయండి. అది ఒక అంగుళం వానతో సమానం. అవి ఇంకాక మళ్లీ అంతే పోసి, ఈసారి గడియారం చూడండి. మొదటి అంగుళం దప్పిక చెబుతుంది, రెండోది నేల స్వభావం చెబుతుంది. చేన్లో మూడు చోట్ల, గట్టు మీద చెట్టు కింద ఒక చోట చేసి పోల్చండి. నెర్రెలున్న చోట మాత్రం వద్దు.

నాయన పోయి తొమ్మిదేళ్లయింది. చేను తమ్ముడు చూసుకుంటున్నాడు. కళ్లం పొట్టును ఇప్పుడు ఏటా ఒక మడికి తోలి, గుంటకతో కలుపుతాడు. ఒక్కో ఏడు ఒక్కో మడి, అంతకంటే పొట్టు రాదు. పోయిన సెప్టెంబరులో పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అక్కా, రాత్రి 38 మిల్లీమీటర్లంట. వాట్సాప్‌లో పెట్టినారు."

"దిగింది ఎంత?"

"ఇంకా చూళ్లేదు."

"పోయి చూడు."

అరగంటకు వీడియో కాల్ చేశాడు. గడ్డపార పక్కన పెట్టి, తవ్విన గుంతలో చెయ్యి పెట్టి చూపించాడు. నాయన గడ్డపారే, కర్ర మాత్రం మార్చాడు. పొట్టు కలిపిన మడిలో జానెడు, దానిమీద ఇంకో బెత్తెడు. పక్క మడిలో బెత్తెడు దాటి రెండు వేళ్లు.

"ఈ మడిలో రేపు ఉలవలు వేస్తా అక్కా."

"పక్క మడి?"

"దానికి ఇంకో వాన చూస్తా" అన్నాడు.